చేసి నేర్చుకున్న చదువుకి మార్కులెవరు వేస్తారు?
విశాఖ ఓడరేవు, ఉక్కు నేల, బౌద్ధ కొండలు చెప్పే పాఠాలు

పిల్లలు బట్టీ పట్టడం మాని చేసి నేర్చుకోవాలని ఇవాళ విద్యావేత్తలందరూ ఒకే గొంతుతో చెప్తున్నారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు పది రోజుల పాటు 'సంచీ లేని బడి' వుండాలంది. ఆ పది రోజులూ వాళ్ళు వడ్రంగి దగ్గర, తోటమాలి దగ్గర, కుమ్మరి దగ్గర, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలట. చారిత్రక స్థలాలు తిరిగి చూడాలట. వినడానికి బాగానే వుంది. మంచి మాటే. కానీ వెలివాడల్లోంచి బడికొచ్చిన మాలాంటి వాళ్ళకి ఈ మాట వినగానే ఒక ప్రశ్న పుడుతుంది. మా పిల్లలు ఎప్పుడూ చేసే నేర్చుకున్నారు గదా! నాట్లు వేసి నేర్చుకున్నారు, తోలు శుద్ధి చేసి నేర్చుకున్నారు, బస్తా ఎత్తి నేర్చుకున్నారు, వీధి వూడ్చి నేర్చుకున్నారు. దాన్ని చదువు అని ఈ దేశంలో ఎవరూ అనలేదేం? అదే పని వేరే కులం పిల్లవాడు పది రోజులు చేస్తే దానికి 'అనుభవ విద్య' అనే పేరెలా వచ్చింది?

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి విశాఖపట్నం చరిత్రలోంచి జవాబు వెతికే ప్రయత్నం. విహారయాత్ర, సేవ, చేతిపని అనే మూడు దారుల్లో బడి తన గోడలు దాటి బయటికొస్తుంది. ఆ మూడు దారుల్లోనూ కులం ఎక్కడ కాపలా కాసిందో, ఎక్కడ మనవాళ్ళు ఆ కాపలాని దాటారో చూడాల్సి వుంది.

ఓడరేవులో ఒక పాఠం

2003లో నేను ఎనిమిదో తరగతి. బడివాళ్ళు మమ్మల్ని ఓడరేవు చూపించడానికి తీసుకెళ్ళారు. తలకి ఇంతని డబ్బు కట్టాలి. మా వాడ పిల్లలం ఆ తరగతిలో ఆరుగురం వుంటే కట్టగలిగింది ఇద్దరం. మిగిలిన నలుగురూ ఆ రోజు బడికి రాలేదు. హాజరు పట్టీలో వాళ్ళకి 'గైరుహాజరు' పడింది.

జెట్టీ మీద ఎరువుల బస్తాలు లారీలకెత్తుతున్నారు. కళాసీలు ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని వున్నారు. మాస్టారు మా వరసని ఆపి వాళ్ళని చూపించి, “చూశారా? చదువుకోకపోతే రేపు మీ బతుకూ ఇదే” అన్నారు. పిల్లలు నవ్వారు. ఆ జట్టులో మా అయ్య వున్నాడు. నన్ను చూశాడు. తువ్వాలు ఇంకాస్త పైకి లాక్కుని అటు తిరిగిపోయాడు. నేనూ పిలవలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ, “మాస్టారు ఓడ గురించి ఏటి సెప్పేరు?” అని అడిగాడు. ఓడని ఇనుముతో చేస్తారు, అయినా మునగదు అన్నారని చెప్పాను. “ఎందుకు మునగదో సెప్పేరా?” లేదన్నాను. అప్పుడు చెప్పాడు. “సరుకు దింపుతున్న కొద్దీ ఓడ పైకి లెగుస్తాది. పక్కన గీతలు గీసుంతాయి, అవి నీల్లలోంచి బయటికొస్తాయి. ఓడ లెగిసిన కొద్దీ తాళ్ళు బిగిసిపోతాయి. సూసుకోపోతే తెగిపోతాయి. పోటుకి ఒకలాగ, పాటుకి ఒకలాగ సూసుకోవాల.” మరుసటి ఏడాది తొమ్మిదో తరగతిలో ఆర్కిమిడీస్ సూత్రం వచ్చినప్పుడు ఆ క్లాసులో అది ముందే తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రపంచ భూగోళమూ నాకు అలాగే వచ్చింది. బైలదిల్లా ఇనుపరాయి జపాన్ వెళ్తుందనీ, ఉక్కు ఫ్యాక్టరీకి బొగ్గు ఆస్ట్రేలియా నుంచి వస్తుందనీ మా అయ్యకి అట్లాస్ చూడకుండానే తెలుసు. ఆయన చదివింది మూడో తరగతి.

అయితే నేనూ నీతో వస్తాను, నేర్చుకుంటాను అంటే మాత్రం ఒప్పుకోలేదు. “సూడ్డానికి రా. పనికి మాత్రం ఆ గేటు దాటి రాకు” అన్నాడు. మాస్టారి మాట, మా అయ్య మాట పైకి ఒకేలా వినిపిస్తాయి. ఇద్దరూ నన్ను బస్తా మోయొద్దనే అన్నారు. కానీ మాస్టారు ఆ మనుషుల్ని చూసి ఏవగించుకున్నాడు. మా అయ్యకి ఆ పనిలో వున్న తెలివీ తెలుసు, ఆ పని వూపిరితిత్తుల నుంచి వసూలు చేసే ధరా తెలుసు. దళితుల దృష్టిలో 'చేసి నేర్చుకోవడం' అనే విషయం ఇంత చిక్కుగా వుంటుంది. శ్రమలో జ్ఞానం వుందని చెప్పాలి. ఆ శ్రమకే మన పిల్లల్ని కట్టిపడేస్తామంటే ఎదురు తిరగాలి. రెండూ ఒకేసారి చేయాలి.

ఓడరేవు చరిత్ర రాసినవాళ్ళకి ఈ చిక్కు లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో బురద నేలని తవ్వి, కాలువ తీసి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదట లోపలికొచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి ముంచారు. ముంచిన ఆ ఓడల పేర్లు కూడా చరిత్రకెక్కాయి: జానస్, వెల్లెడ్‌సన్. కానీ ఆ రాయి మోసినవాళ్ళ పేర్లు, బురద తట్టలెత్తిన ఆడవాళ్ళ పేర్లు ఏ ప్రారంభోత్సవ ఫలకం మీదా చెక్కలేదు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన నౌకా నిర్మాణ కేంద్రం నుంచి 1948 మార్చి 14న 'జల ఉష' నీళ్ళలోకి దిగింది. నెహ్రూ దాన్ని జలప్రవేశం చేయించారు. ఇదీ మన పిల్లలు జనరల్ నాలెడ్జిలో బట్టీ పట్టే విషయమే. రేకుకి రేకు అతికినవాళ్ళెవరన్న ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు.

సగంపూట బడి

చేతిపని ద్వారా చదువు అనే ఆలోచనకి మన దేశంలో పెద్ద చరిత్రే వుంది. 1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా జోతిరావ్ ఫూలే ఇచ్చిన వినతిపత్రంలో శూద్ర, అతిశూద్ర పిల్లల బడుల్లో చదవడం, రాయడం, లెక్కలతో పాటు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన పాఠాలు వుండాలని అడిగారు. ఫూలే అడిగింది పుస్తకంతో పాటు పని. అక్షరాలు తగ్గించి పని పెట్టమని ఆయన అడగలేదు.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ అధ్యక్షతన జరిగిన విద్యా సదస్సు ఏదో ఒక చేతివృత్తి చుట్టూ మొత్తం చదువు తిరగాలన్న పథకాన్ని ముందుకు తెచ్చింది. నూలు వడకడం దానికి గుర్తుగా మారింది. ఏ కులం పిల్లవాడైనా రాట్నం తిప్పాలన్నంత వరకు అందులో మంచి వుంది. కానీ వర్ణవ్యవస్థ మీద, కులవృత్తి మీద గౌరవం పోగొట్టుకోని సమాజంలో ఆ ఆలోచన ఏ రూపం తీసుకోగలదో 1953లో బయటపడింది.

అప్పటికి విశాఖ జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే వుంది. ముఖ్యమంత్రి రాజగోపాలాచారి 1953 జూన్‌లో గ్రామీణ ప్రాథమిక బడుల్లో కొత్త పద్ధతి ప్రవేశపెట్టారు. పిల్లలు రోజుకి మూడు గంటలే బడిలో వుంటారు. మిగిలిన సమయంలో తండ్రి చేసే వృత్తి నేర్చుకుంటారు. ఆడపిల్లలు ఇంటిపని నేర్చుకుంటారు. బడులు చాలడం లేదు, రెండు విడతలుగా నడిపితే ఎక్కువమంది చదువుతారన్నది ప్రభుత్వ వాదన. పెరియార్, ద్రావిడ ఉద్యమం దానికి 'కులవిద్య పథకం' అని పేరు పెట్టి వీధుల్లోకి దిగారు. ఆ పేరే నిలిచింది. చాకలి పిల్లవాడు రేవుకి, మాదిగ పిల్లవాడు లందకి, మాల పిల్లవాడు ఆసామి పొలానికి పోవాలి. వకీలు గారి అబ్బాయి ఎలాగూ పట్నంలో చదువుతాడు, అతనికి ఈ పథకమే వర్తించదు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1954లో రాజాజీ దిగిపోయాక కామరాజ్ ప్రభుత్వం మద్రాసులో ఆ పథకాన్ని రద్దు చేసింది.

ఒక్క ఏడాదిలో ముగిసిపోయిన పథకాన్ని ఇప్పుడు తవ్వడం దేనికని కొందరు అడగొచ్చు. అది కాగితం మీద ముగిసింది. ఆలోచనలో ముగిసిందని చెప్పలేం. పిల్లవాడికి అనుభవం అతని ఇంటి దగ్గరే దొరుకుతుంది అనే ప్రతి మాటలోనూ ఆ సగంపూట బడి నీడ వుంటుంది. 'సంచీ లేని' పది రోజుల్లో ఏ పిల్లవాణ్ణి ఏ పనికి పంపాలో ఎవరు నిర్ణయిస్తారన్నది ఉపాధ్యాయులు ఇవాళే అడగాల్సిన ప్రశ్న.

బాబాసాహెబ్ అడిగిన చేతిపని

రాజాజీ పథకానికి పదకొండేళ్ళ ముందే ఇంకో రకం చేతిపనిని అడిగిన మనిషి వున్నారు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా వున్న బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 అక్టోబరు 29న వైస్రాయి లిన్‌లిత్‌గోకి షెడ్యూల్డు కులాల కష్టాల మీద ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో చదువు గురించిన భాగం మనందరం మళ్ళీ మళ్ళీ చదవాల్సింది. ఆర్ట్స్, లా చదువులతో మాత్రమే సరిపోదు, సైన్సూ సాంకేతిక విద్యా మన పిల్లలకి దక్కాలి అన్నారు. ఆ చదువులకి ఏటా రెండు లక్షల రూపాయల స్కాలర్‌షిప్పులు, విదేశీ చదువుకి మరో లక్ష అడిగారు. దాంతో ఆగలేదు. ప్రభుత్వ ప్రింటింగు ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో షెడ్యూల్డు కులాల పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలన్నారు.

ఈ డిమాండులో వున్న తెలివిని గమనించాలి. ప్రెస్సుకి, లేతు మిషనుకి కులం అంటలేదు. ఏ తాతా ముత్తాతా దాన్ని నడపలేదు. అక్కడ చేసి నేర్చుకుంటే తండ్రి వృత్తిలోంచి బయటపడే దారి దొరుకుతుంది. కులవిద్య పథకం చేతిని కులానికి కట్టేసింది. అంబేడ్కర్ డిమాండు చేతిని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళింది. రెండూ చేసి నేర్చుకోవడమే. మధ్యలో వున్నది ఏ పనిముట్టు, ఎవరి ఎంపిక అనే తేడా.

1944లో షెడ్యూల్డు కులాలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఆయన కార్మిక శాఖ చూస్తున్నప్పుడే, 1945లో, పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ ఏర్పడింది. 1950లో వచ్చిన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం కింద ఐటీఐలు నడిచాయి. 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. దాన్ని 1973లో సవరించి అప్రెంటిస్ సీట్లలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు రిజర్వేషన్ చేర్చారు. అంటే అంబేడ్కర్ అడిగినది చట్టంలోకి ఎక్కడానికి ముప్ఫై ఏళ్ళు పైనే పట్టింది.

విశాఖలో ఈ చట్టానికి ఎంత విలువో బయటివాళ్ళకి తెలియదు. కంచరపాలెం ఐటీఐలో ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, ఆ తర్వాత అప్రెంటిస్‌గా ఏ రేవులోనో, షిప్‌యార్డులోనో, ఉక్కు ఫ్యాక్టరీలోనో ఒక ఏడాది పనిచేసి, పర్మినెంటు అయిన మనిషి వాడకొక్కడుంటే ఆ వాడ తీరు మారిపోయింది. కప్పు మారింది, పిల్లల బడి మారింది, పెళ్ళిళ్ళలో మాట తీరు మారింది. మన ఇళ్ళల్లో మొదటి తరం డిగ్రీలు చాలావరకు ఆ వెల్డింగు రాడ్ల వెలుతురులోనే వచ్చాయి.

ఉక్కు నేల మీద ఖాళీలు

విశాఖలో బడి పిల్లలు తప్పక చూడాలనుకునే చోటు ఉక్కు కర్మాగారం. దాని వెనక విద్యార్థుల చరిత్రే వుంది. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ జరిగిన ఉద్యమంలో విద్యార్థులు ముందు నిలిచారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్ష చేశారు. నవంబరు 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమ చరిత్ర చెప్తుంది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. మొదటి కొలిమి 'గోదావరి' 1990లో, రెండోది 'కృష్ణ' 1992లో వెలిగాయి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు.

ఈ తేదీలు పిల్లలకి చెప్తాం. ఇంకో లెక్క చెప్పం. ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు, ఇరవై వేల ఎకరాలకు పైగా నేల పోయింది. ఆ నేలకి పరిహారం ఇచ్చింది 1894 నాటి భూసేకరణ చట్టం కింద. ఆ చట్టం దృష్టిలో నష్టపోయినవాడంటే భూమిలో హక్కున్నవాడే. ఆ భూమిలో తరతరాలుగా నాట్లేసి, కోతకోసి, పాలేరుతనం చేసిన మాల మాదిగలకి పట్టా లేదు. పట్టా లేదు గనక పోయిన పొలానికి వాళ్ళకి లెక్కలో చోటు లేదు. భూమితో పాటు పని పోయినవాడు కూడా నష్టపోయినవాడే అని ఒప్పుకోవడానికి 2013 భూసేకరణ చట్టం దాకా ఆగాల్సొచ్చింది. నిర్వాసితులకిచ్చిన 'ఆర్ కార్డు' అన్న మాట గాజువాక, వడ్లపూడి, అగనంపూడి వైపు ఇళ్ళల్లో ఇప్పటికీ వినపడుతుంది. కార్డు వుండీ ఉద్యోగం రాక వయసు దాటిపోయినవాళ్ళ కథలు ఆ కాలనీల్లో కావలసినన్ని వున్నాయి.

కనక విహారయాత్రకి వెళ్ళిన పిల్లవాడు ఉక్కు ఎలా కరుగుతుందో చూడాలి, నిజమే. బస్సు దిగే ముందు పది నిమిషాలు ఏదైనా నిర్వాసిత కాలనీలో ఆగి ఒక ముసలమ్మని, “అమ్మా, మీ వూరు ఎక్కడుండేది?” అని కూడా అడగాలి. ఆమె కొలిమి వైపు చేయి చూపించి చెప్తుంది. భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం మూడూ ఆ జవాబులో వున్నాయి.

ఇంకొకటి కూడా పిల్లలకి తెలియాలి. 2021 జనవరి 27న కేంద్ర ఆర్థిక వ్యవహారాల మంత్రివర్గ సంఘం ఈ ఫ్యాక్టరీలో ప్రభుత్వ వాటా నూటికి నూరు పాళ్ళు అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు, నిర్వాసితులు వీధుల్లోకి వచ్చారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. మనవాళ్ళకి ఈ విషయం ఎందుకు ముఖ్యమంటే, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ప్రభుత్వ రంగం గేటు దాటి పోదు. ఐటీఐ చదివిన దళిత పిల్లవాడికి పని నేర్చుకోవడం ఒక మెట్టు, ఆ పనిలో నిలబడడం ఇంకో మెట్టు. గేటు ప్రైవేటుదైతే రెండో మెట్టు వుండదు.

చీపురు ఎవరి చేతిలో

ఇక సేవ సంగతి. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. 'నేను కాదు, నువ్వు' అన్నది దాని నినాదం. ఈ నినాదాన్ని మన వాడలోంచి విని చూడండి. ఆ 'నేను' ఎవరు? ఆ 'నువ్వు' ఎవరు? కాలేజీ పిల్లలు శిబిరం వేసేది చాలాసార్లు దళితవాడలోనే. రోడ్డు వేస్తారు, కాలువ తీస్తారు, శుభ్రత గురించి మన ఆడవాళ్ళకి పాఠం చెప్తారు. రోజూ వూరంతా వూడ్చేవాళ్ళకి శుభ్రత గురించి పాఠం! వాడలోంచే కాలేజీకి వెళ్ళి, శిబిరంలో భాగంగా మళ్ళీ వాడకే సేవ చేయడానికొచ్చిన దళిత విద్యార్థి ఏ వైపు నిలబడాలి? ఆ ఇబ్బంది నేను పడ్డాను. చదువుకున్న మనవాళ్ళు చాలామంది పడే వుంటారు.

బడి స్థాయిలో సంగతి ఇంకా సూటిగా వుంటుంది. 1964-66 కొఠారి కమిషన్ 'పని అనుభవం' అంది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ దాన్ని 'సమాజోపయోగ ఉత్పాదక కృత్యం' అంది. నేను చదివిన ఒక బడిలో ఆ పీరియడు రాగానే కొందరికి మొక్కలకి నీళ్ళు పోసే పని, కొందరికి చార్టులు గీసే పని వచ్చేది. గదులూ దొడ్లూ వూడ్చే పని ఎప్పుడూ మా వాడ పిల్లలకే వచ్చేది. ఎవరూ కులం పేరు ఎత్తలేదు. “మీకు అలవాటే గదా” అన్నారు, అంతే. మూడు మాటల్లో రాజాజీ పథకం మొత్తం వుంది.

2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలైంది. పెద్దమనుషులు చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగారు. సరిగ్గా పది రోజులకి, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. గంటకి 180 కిలోమీటర్ల పైబడిన గాలికి చెట్లు, కరెంటు స్తంభాలు, ఇళ్ళ కప్పులు కూలిపోయాయి. నగరం చీకట్లో మిగిలింది. అప్పుడు విద్యార్థులు నిజంగానే బయటికొచ్చారు. కొమ్మలు నరికారు, దారులు తెరిచారు. దాన్ని తక్కువ చేయకూడదు. ఆ కొద్దిరోజుల్లో వాళ్ళు తమ నగరం గురించి నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ దొరకదు. కానీ రెండు వారాల తర్వాత పిల్లలు బడులకి తిరిగి వెళ్ళిపోయాక మిగిలిన కుళ్ళు, మురుగు, చచ్చిన పశువులు ఎవరు తీశారు? బయటి వూళ్ళ నుంచి కూడా రప్పించిన పారిశుధ్య కార్మికులు, తరతరాలుగా విశాఖ వీధులు వూడుస్తున్న రెల్లి కులస్తులు. విద్యార్థులకి సేవా పత్రాలు దొరికాయి. వీళ్ళకి దొరికింది కూలి.

పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకి పది లక్షలివ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. సేవా శిబిరానికి వెళ్ళే విద్యార్థి చీపురు పట్టడం కంటే ముందు ఈ చట్టాలు చదవాలి. తమ వార్డులో పారిశుధ్య కార్మికులకి చేతితొడుగులు, బూట్లు, నెలజీతం అందుతున్నాయో లేదో రాసి తేవాలి. మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. అది కూడా చేసి నేర్చుకోవడమే. ఒక పూట చీపురు పట్టిన ఫొటోలో ఆ చదువు దొరకదు.

బొజ్జన్నకొండ మెట్ల మీద

మన పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి? విశాఖ చుట్టూ వున్న కొండలే దీనికి మంచి జవాబు. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ వున్నాయి. శంకరం అన్న పేరు 'సంఘారామం' నుంచి వచ్చిందంటారు. అలెగ్జాండర్ రీ 1906-08 ప్రాంతంలో అక్కడ తవ్వకాలు జరిపాడు. రాతిని తొలిచిన గుహలు, ఏకరాతి స్తూపాలు బయటపడ్డాయి. భీమిలి దారిలో బావికొండని 1982-87 మధ్య తవ్వారు. తొట్లకొండని నౌకాదళం వాళ్ళు 1976లో గుర్తిస్తే 1988-93 మధ్య తవ్వారు. బావులున్నాయి గనక బావికొండ, రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి గనక తొట్లకొండ. జనం పెట్టుకున్న పేర్లు అవి. రెండువేల ఏళ్ళ క్రితం కొండ మీద వానచుక్కని పట్టి వందలమంది భిక్షువులకి తాగునీరిచ్చిన పనితనం ఆ పేర్లలో మిగిలింది.

బడి బస్సులు అక్కడికి వెళ్ళకపోలేదు. వెళ్తాయి, పులిహోర తిని వస్తాయి. బొజ్జన్నకొండ మీద కనుమ నాడు స్తూపం మీద రాళ్ళు విసిరే ఆనవాయితీ చాలాకాలం సాగింది. దాన్ని మాన్పించడానికి బౌద్ధ కార్యకర్తలు, వారసత్వ పరిరక్షకులు పట్టుబట్టాల్సొచ్చింది. కులంతో పనిలేకుండా సంఘంలోకి రానిచ్చిన ధర్మం మీద ఏ కాలంలో రాయి పడడం మొదలైంది, ఎందుకు పడింది అన్నది ఆ మెట్ల మీద కూర్చోబెట్టి పిల్లల చేత ఆలోచింపజేయాల్సిన విషయం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారని పుస్తకంలో చదివిన పిల్లవాడికి, ఆ బౌద్ధం తన వూరికి బస్సు దూరంలోనే వుందని తెలిస్తే చరిత్ర తనదవుతుంది.

మన పిల్లలకి ప్రయాణం ఏం చేస్తుందో సాంఘిక సంక్షేమ గురుకులాలు ఒకసారి చూపించాయి. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో పొందిన శిక్షణే వాళ్ళని అంత ఎత్తుకి చేర్చింది. ఆ శిక్షణకి వాళ్ళ తల్లిదండ్రులు డబ్బు కట్టాల్సి వుంటే ఆ ఇద్దరూ కొండ కిందే వుండేవారు. 2003లో మా తరగతిలో గైరుహాజరు పడిన ఆ నలుగురిలాగా.

ఇప్పుడు చేయాల్సింది

విశాఖ బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం వుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన ఆ జలాంతర్గామిని 2002 ఆగస్టులో ప్రజలకి తెరిచారు. అక్కడ పిల్లలకి లోపలి భాగాలు చూపించి చెప్పేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళు. పనిచేసినవాడే పాఠం చెప్తాడు, పిల్లలు నోరు తెరిచి వింటారు. ఇది ఈ నగరంలోనే వుంది. మరి కళాసీకి, కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన కార్మికుడికి, రెల్లి వీధి పారిశుధ్య కార్మికురాలికి ఆ స్థానం ఎందుకు లేదు? వాళ్ళ పనిలో తెలివి లేదని బడి ముందే తేల్చేసింది గనక.

కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' ఈ తీర్పునే ప్రశ్నించింది. ఆ ప్రశ్నని బడి పద్ధతిగా మార్చడం మన ఉపాధ్యాయుల పని. దానికి నాలుగు విషయాలు పట్టుకోవాలి. ఒకటి, 'సంచీ లేని' పది రోజుల్లో ఏ పిల్లవాణ్ణీ తన తండ్రి కులవృత్తికి పంపకూడదు. వూడ్చే పని వుంటే తరగతిలో అందరికీ వంతు వుండాలి. రెండు, పని నేర్పడానికి పిలిచిన కార్మికుణ్ణి 'నిపుణుడు' అని రిజిస్టరులో రాసి, ఒక పూట కూలికి తగ్గకుండా గౌరవ వేతనం ఇవ్వాలి. మూడు, విహారయాత్ర ఖర్చు బడి పెట్టాలి. డబ్బు లేక ఆగిపోయిన పిల్లవాడికి గైరుహాజరు వేయడం నేరం కింద చూడాలి. నాలుగు, ఏ కట్టడం ముందు నిలబడినా పిల్లలు రెండు ప్రశ్నలు అడగాలి: దీన్ని ఎవరు కట్టారు, ఇక్కడ ముందు ఎవరుండేవారు.

ఇవేవీ పెద్ద ఖర్చుతో అయ్యేవి కావు. మా అయ్య జట్టులో పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా వున్నారు. దగ్గుతో, నడుంనొప్పితో సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటారు. ఓడ ఎందుకు మునగదో వాళ్ళు తొమ్మిదో తరగతికి చెప్పగలరు. ఇంతవరకు వాళ్ళని ఏ బడీ పిలవలేదు.